అల్లుళ్ళను సాకిన వదిన

మొన్న బొమ్మిడి నుంచి వచ్చే బస్సులో ఒక ముసలామె నా పక్కన కూర్చోబోతూ ముక్కు ఎగబీల్చింది. మొహం చిట్లించి సీటు అంచుకు జరిగింది. నా చొక్కాకు ఏదో వాసన అంటుకుని ఉంటుంది. ఆమెకు నేనెవరో తెలియదు. అయినా నాకు ఇంకొకామె గుర్తొచ్చింది, ఆ ధ్యాసలో దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మనుషుల్ని అలా వాసన చూసే మనిషిని నా జన్మలో ఒక్కదాన్నే చూశాను. మా పట్టుపురుగుల షెడ్డు వాకిట్లో నిలబడి, లోపలికి వచ్చేవాళ్ళెవరినైనా మెడ దగ్గర, చేతుల దగ్గర వాసన చూసి, ఆ తర్వాతే తలుపుకు అడ్డం తొలగేది. నేను ఆమెను వదినా అని పిలిచేవాణ్ణి. రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే వీధివాళ్ళం కాబట్టి ఆమె భర్తను అన్నా అనేవాణ్ణి, ఆ లెక్కన ఆమె వదిన అయింది. ఆయన పోయాక మా షెడ్డులో కూలికి చేరినా ఆ వరస పోలేదు.

పోయిన ఏడు వానల్లో ఆమె కాలి పుండుతో మేముండే తమిళ సీమలో, ధర్మపురిలో ఒక ఆస్పత్రిలో చనిపోయింది. ఆ కాలి గురించి డాక్టరమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. నేను తెలిసి తెలిసి అబద్ధం చెప్పాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను. వదిన గురించి నవ్వుతూ చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అవి చెప్పుకుంటూ పోతే ఇది చెప్పకుండానే ముగించేస్తానని నా మీద నాకే అనుమానం.

పట్టుపురుగుకు ఏదీ పడదు. బీడీ కంపు పడదు, అగరొత్తి పడదు, మొహానికి పూసుకునే పౌడరు పడదు, పక్క తోటలో టమాటాకు కొట్టిన మందు గాలికి వచ్చినా పడదు. మా ఇళ్ళలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. వదిన మాత్రం దాన్ని ఒక అధికారంగా పట్టుకుంది. ఒకసారి పట్టు శాఖ నుంచి ఒక ఆఫీసరు షెడ్డు చూడడానికి వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, మంచి సెంటు. వదిన వాకిట్లోనే ఆపేసి, తనకొచ్చిన తమిళంలో చెప్పింది. నేను మన తెలుగులో రాస్తున్నాను.

"సారూ, మీరు మంచోళ్ళే. మీ సెంటే మంచిది కాదు. ఆ తొట్టి దగ్గర మెడా చేతులూ కడుక్కోని రండి."

ఆయన నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. ఆయన పోయి కడుక్కున్నాడు.

మా ఆవిడకు కూడా మినహాయింపు లేదు. ఏదో పెళ్ళికి పోయివచ్చి, తలలో పూలతోనే షెడ్డు దగ్గరికి వస్తే వదిన చేయి అడ్డం పెట్టింది.

"చెల్లీ, మల్లెపూలు తీసి బయట పెట్టి రా."

"నా షెడ్డులోకి నేను రావడానికి కూడా నీ పర్మిషన్ కావల్నా అక్కా?"

"షెడ్డు నీదే తల్లీ. అల్లుళ్ళు నా వాళ్ళు."

అల్లుళ్ళంటే పురుగులు. అందరూ పట్టుపురుగుల్ని బిడ్డల్లా సాకుతాం అంటారు. వదిన ఒప్పుకునేది కాదు. బిడ్డయితే ఒక దెబ్బ వేసి పడుకోబెట్టొచ్చు అనేది. "వీళ్ళు పొద్దుగూకులూ తింటారు. మనమే తెచ్చి నోటి కాడ పెట్టాల. ఎండ పడదు, చలి పడదు, చప్పుడు పడదు. రవ్వంత తేడా వస్తే అలిగి తిండి మానేస్తారు. ఇంకేమి, అల్లుళ్ళు కాకపోతే?"

"మరి నీ సొంత అల్లుడు ఎట్లుండాడు వదినా, మొరప్పూర్లో?" అని నేను అడిగేవాణ్ణి, జవాబు తెలిసే.

"వాడా? వీళ్ళన్నా కడాకు గూడు కడతారు."

చర్మం విడిచే ముందు పురుగు తిండి మాని, తల పైకెత్తి కదలకుండా నిలబడుతుంది. మా రైతులు దాన్ని జ్వరం అంటారు. వదిన మాత్రం "అల్లుళ్ళు అలిగినారు, ఎవరూ పలకరించొద్దండి" అని గుసగుసగా చెప్పి, తలుపు దగ్గర కాలు చాపుకుని కూర్చునేది. ఆ వేళల్లో కూలికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వినా ఊరుకునేది కాదు. తనే నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

షెడ్డులోకి చెప్పులు రావు. వాకిట్లో బ్లీచింగ్ కలిపిన నీళ్ళ తొట్టి ఉంటుంది. చేతులూ కాళ్ళూ ముంచి లోపలికి రావాలి. ఇది నేను పెట్టిన రూలు, మంచి రూలే. వదిన రోజంతా లోపలికీ బయటికీ తిరిగే మనిషి, తిరిగిన ప్రతిసారీ కాళ్ళు ముంచేది. మడమలు తెల్లగా పాలిపోయి, పగిలి, నెర్రెలు విచ్చాయి. చెప్పులు మాటిమాటికీ విడవడం, తొడగడం విసుగై, చివరికి తోటలోకి కూడా ఒట్టి కాళ్ళతోనే పోవడం మొదలుపెట్టింది. "నా కాళ్ళు చూడు మరిదీ, పెళ్ళికూతురి కాళ్ళ మాదిరి తెల్లగా" అని ఎత్తి చూపించేది. నేను నవ్వేవాణ్ణి. షెడ్డు బయట ఇంకో జత చెప్పులు పెట్టించాలని నాకు తోచలేదు. పురుగుల కాళ్ళ దగ్గరికి ఏమీ రాకూడదని ఆలోచించినవాణ్ణి, ఆమె కాళ్ళ గురించి ఆలోచించలేదు.

కాప్సూళ్ళు మా షెడ్డులోకి ఒక చెడ్డ పంటకాలంలో వచ్చాయి. ముసురు పట్టి పురుగులకు సప్పరోగం తగిలింది. అది తగిలితే పురుగు మెత్తబడి, తిండి మాని, నల్లగా కుళ్ళిపోతుంది. తట్టలు తట్టలు పారబోస్తున్నాం. పక్క ఊరి రైతు ఒకాయన వచ్చి, మనుషులు జ్వరాలకూ పుండ్లకూ మింగే పసుపు పొడి కాప్సూళ్ళు విప్పి, నీళ్ళలో కలిపి ఆకు మీద చల్లమన్నాడు. తను అదే చేస్తున్నానన్నాడు. నేను కడత్తూరుకు పోయి మందుల షాపులో కొనుక్కొచ్చాను. ఎవరికి, ఎందుకు అని ఎవరూ అడగలేదు.

"మనుషుల మందు అల్లుళ్ళకా?" అని వదిన ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. "ఇయ్యి, ఇయ్యి. అల్లుళ్ళు మాత్రం మనుషులు కాదా?"

వాకిట్లో గోనెసంచి పరుచుకుని, చెనక్కాయలు ఒలిచినట్టు కాప్సూళ్ళు ఒలిచింది. గోళ్ళ సందుల్లోకి పసుపు దిగింది. వేలు నాలుకకు తాకించి, "చేదు" అని సంతోషించింది. ఆమెకు చేదు మీద గొప్ప నమ్మకం. తియ్యటి మందు ఇచ్చే డాక్టరు దగ్గరికి రెండోసారి పోయేది కాదు.

ఆ పంటలో కొన్ని పురుగులు బతికాయి. కాప్సూలు వల్ల బతికాయో, ముసురు విడిచి ఎండ రావడం వల్ల బతికాయో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం అనుమానం లేదు. తర్వాతి పంటకు ఏ రోగమూ లేదు. అయినా చల్లాం. ఆ తర్వాత ప్రతి పంటకూ చల్లాం. చల్లమన్నది నేను, వదిన కాదు. కొన్నాళ్ళకు అంత మోతాదు చాలడం లేదనిపించింది, ఇంకొంచెం కలపమన్నాను.

షెడ్డులో అటక మీద ఆ కాప్సూళ్ళ డబ్బా ఉండేది. మెల్లగా అది మా వీధికంతా ఆస్పత్రి అయింది. వదినకు సెగ్గడ్డ లేస్తే ఆ పొడి, మా ఆవిడ వేలు కత్తిపీటకు తెగితే ఆ పొడి, ఎదురింటి పిల్ల మోకాలు దోక్కుంటే ఆ పొడి. అందరూ వదినను మెచ్చుకునేవాళ్ళు, వదిన నన్ను చూపించేది. నాకు గర్వంగానే ఉండేది.

నాకు ఎవరూ చెప్పలేదని అనడానికి కూడా లేదు. ధర్మపురిలో రైతుల శిక్షణకు పిలిస్తే పోయాను. అక్కడ మాట్లాడినాయన స్పష్టంగా చెప్పాడు. మనుషుల మందు పురుగులకు వాడొద్దు. కొంచెం కొంచెంగా ఎప్పుడూ తగులుతూ ఉంటే క్రిములు ఆ మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయి. పురుగుల పెంటతో అవి నేలలోకి, నీళ్ళలోకి పోతాయి. రేపు మనిషికి అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయదు. నేను మిగతావాళ్ళతో పాటు తల ఊపాను. వాళ్ళు పెట్టిన భోజనం తిన్నాను. వచ్చేటప్పుడు కడత్తూరులో దిగి కాప్సూళ్ళు కొన్నాను.

ఆ సంగతి వదినకు తమాషాగా చెప్పాను.

"అంటే, క్రిములకు బళ్ళో చదువు చెప్తావుండామా మనము?" అంది.

"అట్లే అంటాండారు."

"శరి, చదువుకోనీ. మా అల్లుడికి అబ్బలేదు, దానికన్నా అబ్బనీ."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆమె నవ్వడంలో తప్పు లేదు. ఆ మీటింగులో కూర్చుని విన్నది నేను.

పురుగుల పడక ఎప్పటికప్పుడు తీయాలి. తిని వదిలిన ఈనెలు, పెంట, చచ్చిన పురుగులు అన్నీ కలిసిన చెత్త అది. దానికి గుంట తవ్వి, మూసి, ఎరువు చేయాలి. మా గుంట తోటకు ఆ చివర ఉంది. షెడ్డు వెనకే వంక, చిన్న వాగు. మొదట్లోనే వదిన నెత్తిన తట్టతో నిలబడి, "ఎక్కడ వేసేది మరిదీ?" అని అడిగింది. పనికి ఆలస్యమవుతోంది. "వంక గట్టున వెయ్యి, వానకు అదే పోతుంది" అన్నాను. అంతే. ఆ రోజు నుంచి అక్కడే పడింది. పురుగుల మీద పరిచే వలలు కూడా ఆ వంకలోనే ఉతికేది. మా షెడ్డుకు కొంచెం దిగువన మా వీధి ఆడవాళ్ళు బట్టలుతుకుతారు, మేకలు తాగుతాయి, పిల్లలు ఈదుతారు.

పోయిన ఏడు వానల్లో పంట ఆఖరి వారంలో ఉంది. ఆ వారం పురుగులు తినే తిండికి అంతుండదు. కోసిన ఆకు కోసినట్టే కావాలి. మల్బరీ కొమ్మలు నరికిన చోట మోడు ఏటవాలుగా, మేకులా నిలబడి ఉంటుంది. ఆకు కోస్తూ వదిన దాని మీద కాలు వేసింది. మడమలో దిగింది. పోయి వంకలో కడుక్కుని, ఏమీ చెప్పకుండా వచ్చి ఆకు పరిచింది. సాయంత్రం తడి నేల మీద మరక చూసి అడిగాను.

"ఏమి వదినా అది?"

"మోడు గుచ్చుకొనింది. సుమ్మా ఉండు. ఏమీ అడగొద్దు. అల్లుళ్ళ విందు జరుగుతావుంటే నా కాలి పురాణమెందుకు?"

"పొడి చల్లుకో. రెండు మింగు" అని అటక మీది డబ్బా దించి నా చేతులతోనే ఇచ్చాను.

మర్నాటికి పాదం వాచింది. ఆ పై రోజు వాపు పిక్క దాకా ఎక్కింది. మా ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "ఆ కాలు చూసినావా? అక్కను ఆస్పత్రికి తీసకపో."

"పురుగు మాగే టైము. గూడెక్కనీ, పోదాము. ఇంకెవరికి చేతనైతుంది ఈ పని?"

వదిన వింది. లోపలి నుంచే అరిచింది. "గూడెక్కినాక పోతానులే చెల్లీ. నేనేమి పారిపోతానా, ఈ కాలితో?"

నేను దాన్ని అనుమతిగా తీసుకున్నాను. అడిగి ఉంటే తీసుకుపోయేవాణ్ణి, నిజంగా తీసుకుపోయేవాణ్ణి. కానీ అడగకూడని సమయం ఏదో ఆమెకు తెలుసు. అది ఆమెకు నేర్పింది నాలాంటి వాళ్ళే.

మాగి, గూడు కట్టే దశకొచ్చిన పురుగుల్ని ఏరి చంద్రికల మీద వదలాలి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి పెట్టే వెదురు తడిక. వదిన కాలు చాపుకుని కూర్చుని, ఒక్కొక్క పురుగునూ వెలుతురుకు పట్టి చూసి ఏరింది. "గాజు మాదిరి ఉండాడు చూడు వీడు" అని నా వైపు చేయి చాపింది. ఆ అరచేతిలో పురుగు మెలికలు తిరుగుతూ అంచుకు పాకింది.

"నా చెయ్యి కాలుతాండాదేమో. అల్లుడు భయపడినాడు" అంది.

అప్పుడు ఆమె చేయి పట్టుకున్నాను. పెనం మీద చేయి పెట్టినట్టయింది. అప్పటికి పురుగులన్నీ దాదాపు ఎక్కేశాయి. ఆటోలో ధర్మపురికి తీసుకుపోయాను.

చూసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, అలసిపోయి ఉంది. కట్టు విప్పి కాలు చూసింది. తర్వాత నన్ను అడిగింది. ఏం పని చేస్తుంది? గాయం ఎక్కడ తగిలింది? మురికి నీళ్ళేమైనా తగిలాయా? ఇంతకు ముందు ఏవైనా కాప్సూళ్ళు, యాంటీబయాటిక్ మందులు వాడుతోందా, ఎన్నాళ్ళుగా? తెలిస్తే నాకు మందు ఎంచుకోవడం సులువవుతుంది, చెప్పండి.

పక్క మంచం దగ్గర మా ఊరివాళ్ళు ఇద్దరు నిలబడి వింటున్నారు. నేను షెడ్డు గురించి చెబితే వాళ్ళు వింటారు, ఊరంతా వింటుంది, ఆఫీసర్లు వింటారు. "ఏమీ లేదు మేడం. పొలం పని" అన్నాను.

వదిన తల తిప్పి నన్ను చూసింది. తర్వాత డాక్టరమ్మను చూసి, "అవునమ్మా. ఆకు కోసే పని. మందులూ మాకులూ నాకు అలవాటు లేదు" అంది. దుప్పటి మీద పెట్టుకున్న ఆమె చేతుల గోళ్ళు అప్పటికీ పసుపుగానే ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని చూసింది. వంటపసుపు అనుకుని ఉంటుంది.

డాక్టరమ్మ పోయాక వదిన నన్ను దగ్గరికి రమ్మంది. "ఏమి మరిదీ, మొహం అట్ల పెట్టినావు? నిన్నేమన్నా కట్టేస్తారనా?"

"లేదు వదినా. పొద్దున్నే చెప్పేస్తాను."

"చెప్పి? షెడ్డు మూసేస్తే నాకు పనెవరిస్తారు? సుమ్మా ఉండు."

నేను మళ్ళీ ఆ మాట చాటున దాక్కున్నాను. పొద్దున చెప్పలేదు. ఆ మరుసటి పొద్దున కూడా చెప్పలేదు. వాళ్ళు మామూలుగా ఇచ్చే మందులు ఇచ్చారు. జ్వరం దిగలేదు. మొరప్పూర్ నుంచి ఆమె కూతురు వచ్చింది. వదిన ఆస్పత్రి మీద కూడా ఎగతాళి మానలేదు. "ఈ వాసనకు అల్లుడనేవాడు ఒక్కడూ బతకడు. నేను కాబట్టి ఉండాను" అనేది. మోకాలి కింది దాకా కాలు తీసేయాలన్నప్పుడు కూతురు ఏడుస్తుంటే, "ఏడవద్దు పాపా. తొట్టిలో ఇంక ఒక్క కాలు ముంచితే చాలు, పని సులువు" అంది. అది విని కూతురు ఇంకా ఏడ్చింది.

పుండు నుంచి తీసి పరీక్షకు పంపినదాని ఫలితం వచ్చాక డాక్టరమ్మ చెప్పింది. ఈ క్రిమికి మామూలు మందులేవీ పనిచేయవు, ఇప్పుడు వేరే పెద్ద మందు మొదలుపెడుతున్నాం, కానీ విషం రక్తంలోకి ఎక్కింది. కాలు తీశారు. అయినా ఆమె బతకలేదు.

ఆ పంట చాలా బాగా వచ్చింది. గూళ్ళు గట్టిగా, తెల్లగా. ఈ మాట రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

తర్వాత ఇంకో రెండు పంటలకు కూడా కాప్సూళ్ళు చల్లాను. వదిన లేదు కాబట్టి నేనే ఒలిచాను. రెండో పంట ఆఖరి విడతకు ఒలుస్తుండగా గోళ్ళలోకి దిగిన పసుపు చూసుకుని, లేచి, డబ్బా తీసుకుపోయి గుంటలో పూడ్చాను. ఆ వారమే ఆస్పత్రికి పోయి, ఆ డాక్టరమ్మ కోసం కాచుకుని, అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

"అప్పుడే చెప్పుంటే బతికేదా మేడం?" అని అడిగాను.

"తెలీదు. ఇక్కడికి తెచ్చేటప్పటికే ఆలస్యం. కానీ నేను మొదటి రోజే వేరే మందు గురించి ఆలోచించి ఉండేదాన్ని." కుర్చీ నా వైపు జరుపుకుంది. "ఒకప్పుడు ఇట్లాంటి క్రిములు మా వార్డుల్లోనే ఉంటాయనుకునేవాళ్ళం. ఇప్పుడు ఎప్పుడూ ఆస్పత్రి మొహం చూడనివాళ్ళు పొలాల్లోంచి, వాగుల్లోంచి తెచ్చుకుంటున్నారు. ఒక క్రిమి తట్టుకోవడం నేర్చుకుంటే, పక్కదానికి కూడా ఆ విద్య ఇచ్చేస్తుంది. మీ కాప్సూళ్ళే కారణమని నేననను. ఊళ్ళ మురుగు ఉంది, కోళ్ళ షెడ్లు ఉన్నాయి, మా ఆస్పత్రుల నీళ్ళూ ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టండి. ఆ వంక నీళ్ళు ఇప్పుడు ఎవరు వాడుతున్నారు?"

ఆమె నా గురించి కాదు అడిగింది. చచ్చిపోయినామె గురించి కూడా కాదు. నేను ఒక్కడినే కూర్చుని మోస్తున్నాననుకున్న బరువు రోజూ మా వీధి దిగువకు పారుతోందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

తట్టాక ఏం చేశానంటే, చెత్త గుంటకు చేర్చడం మొదలుపెట్టాను. షెడ్డు బయట చెప్పులు పెట్టించాను. ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదు. వదిన కూతురు భర్తను వదిలి, చంటిదాన్ని తీసుకుని తల్లి ఇంటికి వచ్చేసింది. రోజూ పొద్దున బట్టల మూటతో మా షెడ్డు పక్కనుంచే వంకకు పోయేది. "బాగుండావా చిన్నాయనా?" అని పలకరించేది. "బాగుండాను పాపా" అనేవాణ్ణి. వెనకే ఆ చంటిది తప్పటడుగులు వేస్తూ పోయేది, మోకాళ్ళ నిండా దోక్కున్న గీతలతో.

చెప్పడానికి బదులు ఇది రాయడం మొదలుపెట్టాను. మా తాత నేర్పిన తెలుగు అక్షరాలు నాకు ఉన్నాయి. మా వీధిలో అందరూ మాట్లాడేది తెలుగే, చదవగలిగేది మాత్రం తమిళమే. నేను రాసిన కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టినా ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. ఎంత నిజాయితీగా రాస్తున్నానో అని నేను పొంగిపోతున్నదంతా వాళ్ళెవరూ చదవలేని చోట రాస్తున్నానని మొన్న స్టాపు దాటిపోయి, బస్సు దిగి ఇంటికి నడిచి వస్తుంటే తోచింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఇంటికి పోయాను.

ఆమె బట్టలు మూట కడుతోంది. నేను నిలబడే చెప్పాను. కాప్సూళ్ళు, మీటింగు, వంక గట్టు, ఆస్పత్రికి తీసుకుపోకుండా ఆపడం, డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం. ఆమె మూట ముడి వేయడం ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"మా యమ్మకు తెలుసునా నువ్వు అబద్ధం చెప్పింది?"

"తెలుసు. నా కోసం తను కూడా చెప్పింది."

ఆమె మూట ముడి ఇంకోసారి బిగించింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకొకదానికి చెప్పి పోయి పండుకుందామని వచ్చినావా చిన్నాయనా?"



"రా" అని మూట నెత్తికి ఎత్తుకుని, బిడ్డను చంకలో వేసుకుని బయటికి నడిచింది. నేను వెనక నడిచాను.

వంక దగ్గర ఆడవాళ్ళు ఉతుకుతున్నారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు నీళ్ళలో కొట్టుకుంటున్నారు. నన్ను చూసి ఒకామె, "ఏమి, పట్టు యజమాని వంకకొచ్చినాడు? పెళ్ళాము బట్టలిచ్చి తరిమిందా?" అంది. అందరూ నవ్వారు. వదిన కూతురు నవ్వలేదు. మూట రాతి మీద దించి, "చిన్నాయన ఒక మాట చెప్తాడంట. వినండి" అంది.

చెప్పాను. ఇంట్లో చెప్పినంత వరసగా రాలేదు. ముందుది వెనకా వెనకది ముందూ అయింది. ఈ నీళ్ళలో ఏముందో నాకు తెలియదని, కానీ అందులోకి ఏం పోశానో తెలుసని చెప్పాను. పుండ్లు ఉన్నవాళ్ళు దిగొద్దని, పిల్లల్ని దించొద్దని చెప్పాను. ఎవరికైనా దెబ్బ తగిలి వాస్తే ఆగకుండా ఆస్పత్రికి పోయి, ఈ వంక సంగతి, ఆ పొడి సంగతి డాక్టరుకు చెప్పమన్నాను. బట్టల మీద చేతులు ఆగిపోయాయి. ఇందాక ఎగతాళి చేసినామె అడిగింది.

"అయితే ఆస్పత్రిలో డాక్టరు అడిగినప్పుడు, అక్క ముందరే, చెప్పలేదా నువ్వు?"

"చెప్పలేదు."

"అక్క చూస్తా ఉండాదా?"

"చూస్తా ఉండాది."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగి, తన బిడ్డ చెయ్యి పట్టి గట్టు మీదికి లాగింది. ఆ పిల్ల ఎందుకో అర్థంకాక గట్టిగా ఏడ్చింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరూ లేచి, నా వైపు చూడకుండా, పిల్లల కోసం నీళ్ళలోకి దిగారు.